యంత్రము చెప్పిన మాటకు పూచీ ఎవరిది?

పత్తి, మిరప పండించు గుంటూరు, ప్రకాశం మైదానములలో వ్యవసాయము మాట మీద నడచునది. విత్తనము మొలచునని కొట్టువాడు చెప్పిన మాట, ఈ మందు కొట్టిన పురుగు చచ్చునని పక్క చేను రైతు చెప్పిన మాట, కాయ కల్లములో బాగుగా ఆరినదని, తాలు లేదని అమ్మువాడు చెప్పిన మాట, యార్డులో ఫలానా ధర పలికినదని కమీషను వ్యాపారి చెప్పిన మాట—ఏటి పొడుగునను రైతు బ్రదుకు ఇట్టి మాటల మీదనే ఆధారపడియున్నది. మాట తప్పినవాడెవరో, వాని ఇల్లెక్కడనో ఊరివారికి తెలిసియుండును. వాని గుమ్మము ముందు నిలిచి నిలదీయవచ్చును. న్యాయము అన్ని వేళల దొరకకపోవచ్చును. కాని అడుగుటకు ఒక మనిషి యుండును.

ఇప్పుడు ఆ మాటలు చెప్పుటకు క్రొత్తగా ఒక యంత్రము వచ్చినది. దానికి ఇల్లు లేదు, గుమ్మము లేదు. కృత్రిమ మేధ అను పేర లోకమంతట వ్యాపించుచున్న ఈ విద్య వలన కలుగగల అపాయములను గూర్చి చర్చలు ముమ్మరముగా సాగుచున్నవి. యంత్రము మానవుని మించిపోవునా, లోకమును ఏలునా అను ప్రశ్నలు అందులో కొన్ని. అంతకంటె దగ్గరిది, నిత్యజీవితమునకు చెందినది ఒక ప్రశ్న గలదు. యంత్రము చెప్పిన మాట తప్పైనప్పుడు, ఆ నష్టమునకు పూచీపడువారెవరు?

ముందు ఆ యంత్రము చేయు పని ఏమో తెలిసికొనుట అవసరము. కృత్రిమ మేధ అను పేరు నేటిది కాదు. 1956 వేసవిలో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన విద్వద్గోష్ఠికై అంతకు ముందటి సంవత్సరము సిద్ధపరచిన ప్రతిపాదనలో ఆ పేరు వాడబడినది. తెలుగువారికిని ఈ శాస్త్రము పరాయిది కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో రైతు కుటుంబమున జన్మించిన రాజ్ రెడ్డి, ఈ రంగమున చేసిన కృషికిగాను 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలసి ట్యూరింగ్ పురస్కారము నందెను. 2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడిన పిమ్మట ఈ విద్య పరిశోధనాలయముల గోడలు దాటి సామాన్యుని చేతి ఫోనులోనికి వచ్చినది.

దాని పద్ధతి సూక్ష్మముగా ఇది. తెగులు సోకిన ఆకుల ఛాయాచిత్రములను వేలకొలది చూపి, ఇది ఫలానా తెగులు, అది ఫలానా తెగులు అని యంత్రమునకు పేర్లు నేర్పుదురు. క్రొత్త ఆకును చూపినప్పుడు అది పాత చిత్రములలో దేనికి ఎక్కువగా సరిపోలునో లెక్కకట్టి యంత్రము ఆ పేరు చెప్పును. మాటల యంత్రమును ఇట్టిదే. మనుష్యులు వ్రాసిన అపారమైన వాఙ్మయమును జల్లించి, ఒక మాట వెనుక ఏ మాట రాదగునో అంచనా వేసి వాక్యము నల్లును. ఎరిగిన విషయమైనను, ఎరుగని విషయమైనను దాని వాక్యము ఒకే తీరున, ఒకే ధీమాతో నడచును. అనుభవముగల పల్లెటూరి రైతు తెలియని పురుగును చూచినప్పుడు ‘దీనిని నేనెన్నడు చూడలేదు’ అని ఒప్పుకొనును. యంత్రము నోట ఆ మాట వచ్చుట అరుదు.

2023లో న్యూయార్కు నగరమున ఇద్దరు న్యాయవాదులు ఇట్టి యంత్రము కల్పించిన తీర్పులను పూర్వప్రమాణములుగా న్యాయస్థానమున దాఖలు చేసిరి. అట్టి తీర్పులు అసలే లేవని తేలెను. న్యాయమూర్తి ఆ న్యాయవాదులకును, వారి సంస్థకును కలిపి 5,000 డాలర్ల జరిమానా విధించెను. తప్పు పుట్టినది యంత్రములో. జరిమానా పడినది దాని మాటను తమ మాటగా ముందుంచిన మనుష్యులకు. సంతకము ఎవరిదో పూచీ వారిది అను పాత ధర్మమునే ఆ న్యాయస్థానము నిలబెట్టినది.

ఈ విద్య వలన మేలు లేదనుట సత్యము కాదు. ఖమ్మం జిల్లాలో 2022 నుండి ‘సాగు బాగు’ అను పథకము క్రింద సుమారు 7,000 మంది మిరప రైతులకు నేల పరీక్ష, కాయ నాణ్యతా పరీక్ష, తెలుగులో సలహాలు ఈ విద్య సాయముతో అందినవి. ఎకరమునకు దిగుబడి 21 శాతము పెరిగినదనియు, పురుగుమందుల వాడకము 9 శాతము, ఎరువుల వాడకము 5 శాతము తగ్గినవనియు ప్రపంచ ఆర్థిక వేదిక ప్రకటించినది. మందు తక్కువగా కొట్టి ఎక్కువ పండించుట ఏ రైతునకు చేదు? వ్యవసాయాధికారి అందుబాటులో లేని వేళ, తెలుగులో అడిగిన ప్రశ్నకు తెలుగులో జవాబు దొరకుట చిన్న సౌకర్యము కాదు. ఐనను, మేలు చూచినంతనే విచారణ మానుట ఎంత ప్రమాదమో ఈ మైదానములకు తెలిసినంతగా మరి ఏ సీమకును తెలియదు.

1980 దశకపు మొదట సింథటిక్ పైరిత్రాయిడ్లు అను పురుగుమందులు పత్తి చేలకు వచ్చినవి. తొలి ఏండ్లలో వాని ప్రభావము అద్భుతముగా ఉండెను. సాయంకాలము కొట్టిన తెల్లవారునప్పటికి పురుగు రాలిపోవుచుండెను. దానితో మాటిమాటికి కొట్టుట అలవాటైనది. పురుగును తిని బ్రదుకు మిత్రకీటకములు నశించినవి, తెల్లదోమ విజృంభించినది, శనగపచ్చ పురుగు ఆ మందులకు తట్టుకొను శక్తిని అలవరచుకొన్నది. 1987-88 నాటికి పంట పోయి, మందుల అప్పు మిగిలి, ప్రకాశం, గుంటూరు జిల్లాలలో పలువురు పత్తి రైతులు ప్రాణములు తీసికొనిరి. కొట్టుమని చెప్పినవారు ఎందరో యుండిరి. నష్టమునాడు పూచీపడుటకు ముందుకు వచ్చినవారు లేరు. పెక్కుచోట్ల సలహా చెప్పినదియు, మందు అమ్మినదియు, అరువు పెట్టినదియు ఒకే కొట్టు.

ఆ విషాదము నేర్పిన పాఠములు మూడు. మేలు ముందు కనిపించును, కీడు వెనుక వచ్చును. మేలును లెక్కకట్టి చాటువాడొకడు, కీడును మోయువాడు మరియొకడు. సలహా చెప్పువానికి సరకు అమ్ముకొను అక్కర ఉన్నచో ఆ సలహా నిర్మలముగా ఉండదు. ఫోనులో నుండి వచ్చు సలహాకు ఈ మూడును వర్తించును. ఆ సలహాకు అగు ఖర్చు ఎవరు భరించుచున్నారు? మందు అమ్ము వ్యాపారియే దానిని ఉచితముగా అందించుచున్నచో, ‘ఈ వారము మందు అక్కరలేదు’ అని యంత్రము ఎన్నిసార్లు చెప్పును? రైతు అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది.

రెండవ ప్రశ్న, యంత్రము నేర్చిన కాలమును గూర్చినది. మిరపలో తామరపురుగు ఈ ప్రాంతపు రైతులకు పాత శత్రువే. అది సోకిన ఆకులు పైకి ముడుచుకొనును. పై ముడత అని దానికి వాడుక. 2021లో వచ్చినది ఆ జాతి కాదు. 2015లో బెంగళూరు ప్రాంతమున బొప్పాయిపై ఈ దేశమున మొదట గుర్తింపబడిన త్రిప్స్ పార్విస్పైనస్ అను నల్ల తామరపురుగు మిరప తోటలపై పడినది. అది పూవులలో గుంపులు గుంపులుగా చేరి రసము పీల్చును, పూత రాలును, కాయ కట్టదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఆ ఏటి మిరప పంటకు అది తీరని దెబ్బ తీసినది. అంతకు ముందటి ఏండ్ల చిత్రములు మాత్రమే చూచి నేర్చిన యంత్రమునకు ఆ పూవును చూపియుండినచో ఏమి చెప్పియుండును? దానికి తెలిసిన పేర్లలో దగ్గరిదానిని చెప్పియుండును. నిన్నటిని చూచి నేర్చినది రేపటి క్రొత్త ఆపదను నిన్నటి పేరుతోనే పిలుచును. అట్టి వేళ చేలో దిగి పూరేకులు విప్పి చూచు కన్ను, ప్రయోగశాలలో ఆ పురుగును పరీక్షించు శాస్త్రజ్ఞుడు, వారి మాటను ఊరూర చేరవేయు ఉద్యోగి అవసరము. యంత్రము వచ్చినదని లాం వంటి పరిశోధనా క్షేత్రములను, గ్రామములలోని వ్యవసాయ ఉద్యోగులను తగ్గించుకొనిన ప్రభుత్వము, పొదుపు పేర కండ్లు పోగొట్టుకొన్నదగును.

ధరల విషయమున చిక్కు మరింత సూక్ష్మమైనది. వచ్చు ఏడు మిరపకు మంచి ధర పలుకునని యంత్రము అంచనా చెప్పినదనుకొందము. ఒక రైతు వినినచో అతడు లాభపడవచ్చును. లక్ష మంది రైతులు ఒకే ఫోనులో ఒకే మాట విని అందరును మిరపయే వేసినచో, సరకు వెల్లువై ధర పడిపోవును. చెప్పిన జోస్యమే తన్ను తాను చంపుకొనును. యంత్రము లేకయే, ధర హెచ్చిన ఏటి వెనుక విరివిగా వేసి నష్టపోవుట ఈ ప్రాంతమునకు అనుభవమే. 2025 ఫిబ్రవరిలో మిరప ధర కూలిపోగా, కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలుకు రూ. 11,781 నిర్ణయింపవలసివచ్చెను. వేరువేరుగా ఆలోచించు వేయి బుద్ధులు చేయు తప్పులు ఒకదానినొకటి కొంత సరిదిద్దుకొనును. అందరి బదులు ఒకటే ఆలోచించినప్పుడు తప్పును ఒకేసారి అందరిదగును.

ఇంతవరకు చెప్పినది సలహా సంగతి. సలహాను వినుటయు, మానుటయు రైతు చేతిలోనిదే. యంత్రము సలహాదారు పీఠము దిగి న్యాయాధిపతి పీఠ మెక్కినప్పుడు అపాయము రెట్టింపగును.

యంత్రము తన లెక్కలలో ఉన్నవారినే చూచును. ఈ మైదానములలో పత్తి, మిరప పండించువారిలో కౌలు రైతులు పెక్కుమంది. పట్టాదారు పుస్తకములో ఉండు పేరు భూమి యజమానిది. నాగలి పట్టి, మందు పీల్చి, అప్పు మోయువాడు కౌలుదారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినను, కార్డు పొందుటకు యజమాని సంతకము కావలసియుండుటచే పెక్కుమందికి అది అందలేదు. పుస్తకములలో లేని ఈ రైతు యంత్రమునకును లేనివాడే. అప్పు ఎవరికీయవలెను, పంట నష్టము ఎవరికి చెల్లింపవలెను అను తీర్పును అట్టి లెక్కలకు అప్పగించినచో, పాత అన్యాయమునకు క్రొత్త శాస్త్రపు ముద్ర పడును. గ్రామాధికారి అన్యాయము చేసినచో ‘అయ్యా, నేను దున్నుట మీరెరుగరా?’ అని అడుగవచ్చును. యంత్రమునకు ఎరుక లేదు, మొగమాటము లేదు.

ఇది ఊహ కాదు. తెలంగాణలో ప్రభుత్వము వేరువేరు శాఖల వివరములను ఒకచోట కూర్చి, ఒక వ్యక్తికి ఏ ఆస్తులు గలవో లెక్కదేల్చు ‘సమగ్ర వేదిక’ అను ఏర్పాటును సంక్షేమ పథకముల అర్హత తేల్చుటకు వాడినది. 2014-19 సంవత్సరముల మధ్య ఆ రాష్ట్రమున 18 లక్షలకు పైగా ఆహారభద్రతా కార్డులు రద్దయ్యెను. ఆ ఏరివేతలో ఈ యంత్రపు లెక్కకును పాలుండెను. పేరులు కలిసినంత మాత్రమున ఒకరి వాహనము మరియొకరి ఖాతాలో పడుటచే, రిక్షా లాగి బ్రదికిన పేద కుటుంబమునకు కారున్నదని తేలిన ఉదంతము వార్తలకెక్కినది. వివాదము సుప్రీంకోర్టు వరకు పోయెను. రద్దైన కార్డులను ఇంటింటికి పోయి మరల విచారింపవలెనని 2022 ఏప్రిల్‌లో ఆ న్యాయస్థానము ఆదేశించెను. యంత్రము క్షణములో చేసిన పనిని సరిదిద్దుటకు మనుష్యులు గుమ్మము గుమ్మమునకు తిరుగవలసివచ్చినది. ఆ మధ్య కాలమున బియ్యము అందని ఇంటివారు గడపిన దినములకు లెక్క ఏ యంత్రములోను లేదు.

ఉపాధ్యాయలోకము ఈ విషయమును దూరపు సంగతిగా ఎంచరాదు. బడి మానివేయనున్న పిల్లలను ముందుగా గుర్తించుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మైక్రోసాఫ్ట్ సంస్థ సాయముతో ఇట్టి యంత్రమును వాడినది. 2018-19 విద్యాసంవత్సరమునకు విశాఖపట్నం జిల్లా ప్రభుత్వ పాఠశాలలలోనే సుమారు 19,500 మంది అట్టివారుందురని లెక్క తేలినది. ఉద్దేశము మంచిదే. కాని ఆ పట్టికలో పేరున్న పిల్లవానిని చూచు ఉపాధ్యాయుని దృష్టి ఎట్లుండును? వీడు ఎటులైనను మానువాడే అని చేయి వదలునా? లేక వీని ఇంటికి నేడే పోవలెనని లేచునా? ఒకే పట్టిక ఒక చేతిలో ఉద్ధరణ, మరియొక చేతిలో నుదుటి వ్రాత.

అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి గలదు. కర్నూలు పడమటి మండలముల నుండి మిరప కోతలకు, పత్తి తీతకు ఏటేట కుటుంబములు గుంటూరు సీమకు వలసవచ్చును. తలిదండ్రుల వెంట పిల్లలును వత్తురు. హాజరు పట్టీలో గైర్హాజరు గీతలు సాగును. ఆ గీతలను యంత్రము లెక్కింపగలదు. వాని వెనుక నున్నది చదువుపై అశ్రద్ధ కాదనియు, ఊరిలో పని లేకపోవుటయనియు, చిన్న తమ్ముని ఎత్తుకొనుటకు ఇంట వేరొకరు లేకపోవుటయనియు ఎరుగునది ఉపాధ్యాయుడు. లెక్క రోగమును చూపవచ్చును. మందు ఆ ఎరుకలో నున్నది. వలసవచ్చిన ఊరిలో ఋతుకాలపు వసతిగృహము నడపుట వంటి పనులు పట్టికలు చేయవు.

విద్యార్థులకు వచ్చు అపాయము వేరు రీతిది. వ్యాసము వ్రాసి తెమ్మనిన, యంత్రము నిమిషములో వ్రాసియిచ్చును. వాక్యములు తీర్చినట్లుండును, వ్యాకరణ దోషములును తక్కువగా ఉండవచ్చును. కాని వ్యాసము పుస్తకమున నిండుటకు కాదు, వ్రాయుటలో బాలుని బుద్ధి పదునెక్కుటకు ఉపాధ్యాయుడు ఆ పని ఇచ్చెను. కల్లములో కాయ తొక్కి, ఘాటుకు తుమ్ముచు, తాలు వేరుచేసిన బాలిక మిరపను గూర్చి తప్పులతో వ్రాసిన పది వాక్యములు, ఏ కల్లమును ఎరుగని యంత్రము వ్రాసిన నూరు వాక్యములకంటె విలువైనవి. ఆ బాలిక తన మాటకు తాను పూచీపడగలదు. యంత్రము వ్రాసినదానికి క్రింద పేరు పెట్టిన విద్యార్థి, తాను ఎరుగని అప్పునకు పూచీ సంతకము పెట్టినవానితో సమానుడు.

నిషేధించినంతనే ఈ అలవాటు పోదు. యంత్రము ఇచ్చిన జవాబును నల్లబల్లపై వ్రాసి, అందులోని తప్పు పట్టుటనే పాఠముగా చేయవచ్చును. ముడుచుకొన్న మిరపాకును తెచ్చి, యంత్రము చెప్పిన పేరును ఊరి రైతు చెప్పిన పేరుతో పోల్చుడని పిల్లలకు చెప్పవచ్చును. ‘ఇది నీకెట్లు తెలిసినది? ఎవరు చూచిరి?’ అను రెండు ప్రశ్నలు అలవడిన పిల్లవాడు మోసపోవుట అరుదు.

మోసము అను మాట ఊరక వచ్చినది కాదు. 2023 నవంబరులో సినీ నటి రష్మిక మందన్న ముఖమును వేరొక స్త్రీ దేహమునకు అతికించిన దొంగచిత్రము దేశమంతట వ్యాపించెను. 2024 జనవరిలో ఆ విషయమున ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసినది గుంటూరు ప్రాంతపు యువకునినే. సామాజిక మాధ్యమములో అనుచరుల సంఖ్య పెంచుకొనుటకై ఆ పని జరిగినదని పోలీసులు ప్రకటించిరి. అట్టి పనికి గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. ఒక కంప్యూటరు, కొంత తీరిక చాలును. గొంతును సైతము అట్లే అనుకరించి, కుమారుడు ఆపదలో ఉన్నాడని తండ్రిని నమ్మించి డబ్బు లాగు నేరములు వినవచ్చుచున్నవి. మాట మీద నడచు సమాజమున గొంతే నమ్మకమునకు ఆధారము. ఆ ఆధారము సడలినచో నష్టము ఒక్క ధనమునది కాదు. నిజము చెప్పినవానిని సైతము నమ్మని దినము వచ్చును.

పూచీ నిర్ణయించుట అసాధ్యమని కొందరు వాదింతురు. యంత్రము చేసినవారెవరో, నడపువారెవరో, వాడువారెవరో తేల్చుట కష్టమందురు. ఒకప్పుడు విత్తనముల విషయమునను ఇట్టి వాదమే వినవచ్చెను: వాన లేక మొలవలేదు, నేల మంచిది కాదు, రైతుకు వేయుట తెలియదు. నాసి విత్తనములతో నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థతో పోరాడగా, రైతు కూడ వినియోగదారుడే, నష్టపరిహారము కోరు హక్కు అతనికి గలదని 2012లో సుప్రీంకోర్టు తేల్చెను. పురుగుమందు సీసాపై దాని విష తీవ్రతను తెలుపు రంగుల త్రికోణము ముద్రింపవలెనని నిబంధన గలదు. చదువురానివాడును ఎర్ర రంగును చూచి జాగ్రత్తపడును. ఈ రెండును ఆకాశము నుండి ఊడిపడలేదు. నష్టపోయినవారు అడుగగా వచ్చినవి.

ఐరోపా సమాఖ్య 2024లో చేసిన చట్టము, పాఠశాలలలో విద్యార్థుల భావోద్వేగములను యంత్రముచే పసిగట్టించుటను వైద్య, భద్రతా కారణములకు తప్ప నిషేధించినది. ప్రవేశములను, పరీక్షా ఫలితములను నిర్ణయించు యంత్రములను అధిక ప్రమాదముగల తరగతిలో చేర్చినది. భారత పార్లమెంటు 2023లో వ్యక్తిగత వివరముల రక్షణకు చట్టము చేసినది. అది మంచి మొదలు. కాని యంత్రము ఇచ్చిన తీర్పునకు కారణము అడుగు హక్కు అందులో లేదు.

కావున కోరవలసినవి స్పష్టము. కూడు, అప్పు, పరిహారము, చదువు అను నాలుగింటిలో యంత్రము సలహా చెప్పవచ్చును గాని, తీర్పు క్రింద ఒక మనిషి సంతకము ఉండితీరవలెను. కాదనబడినవానికి కారణము తెలుగులో, వానికి తెలియు మాటలలో చెప్పవలెను. అప్పీలు చేసికొనుటకు నడచిపోగల దూరమున ఒక కార్యాలయము ఉండవలెను. అప్పీలు తేలువరకు అందుచున్న సాయము ఆగరాదు. సలహా ఇచ్చు ప్రతి యంత్రమును తాను ఏ ఏటి వరకు నేర్చినదో, ఎవరి సొమ్ముతో నడచుచున్నదో ముందుగా తెలుపవలెను. మందు సీసాపై త్రికోణము వంటిదే అది.

పైరిత్రాయిడ్ల కాలమున ఈ ప్రశ్నలు అడుగువారు లేకపోయిరి. అడుగవలెనని తోచునప్పటికి చేలు ఎండిపోయెను. ఈ మారు యంత్రము ఇంకను గుమ్మములోనే యున్నది. అడుగుటకు వ్యవధి గలదు. అడుగుట నేర్పువారు బడిలో నున్నారు.